అవునూ కాదూ కాని జవాబు

"ఏంది అభిజిత్, చదువుకోనీకి వచ్చిన పిల్లలను వానల నిలబెట్టినవ్!"

సంజన గొంతు అశోక్‌నగర్ ఆఫీసంతా మోగింది. రీడింగ్ రూముల్లో సీట్లు చూపించే యాప్ వాళ్లిద్దరిదీ. కోడ్ అతను రాస్తాడు, తప్పులు ఆమె పడుతుంది.

"సర్వర్ సీటు లేదంటే నేనేం చేయాలె?"

"సర్వర్ లేదనలే. 'వెయిటింగ్‌ల పెట్టిన, జర ఆగు' అన్నది. లేదన్నది నీ కోడు!"

నిజమే. సర్వర్‌కు రిక్వెస్టులు పంపే చిన్న రెడీమేడ్ కోడు ఒకటి వాడుతూ, జవాబు ఒకే టైపులో, సీటు నంబరుగానే రావాలని రాసుకున్నాడు అభిజిత్. ఇంకేం వచ్చినా యాప్ చదవకుండా 'సీటు లేదు' చూపించేస్తుంది. పెళ్లివారి ఉత్తరం చింపకుండానే ఏడుపు మొదలెట్టినట్టు!

"దొరికింది, వెయిటింగ్, లేదు. మూడిటికీ టైపులు రాయి. ఏదొచ్చినా ముందు చదువు."

సాయంత్రానికల్లా రాశాడు. తెరమీద 'వెయిటింగ్' అని పచ్చగా వెలిగింది. సంజన చప్పట్లు కొట్టి నవ్వింది. ఆ నవ్వుకు అతని నోరు ఆగలేదు.

"సంజనా, నన్ను పెళ్లి చేసుకుంటవా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. బ్యాగు అందుకుంది. "ఇంటికి పోయి చెప్త."

నారాయణగూడ బస్టాపులో నిలబడ్డాడు అభిజిత్. వాన దంచుతోంది, గుండె అంతకంటే గట్టిగా. ఫోన్ మోగింది. సంజన పంపింది మాట కాదు, చిక్కడపల్లిలో వాళ్లింటి లొకేషన్.

ఇల్లు చేరిందన్నమాట, అంతే. అవునని అనలేదంటే కాదనే కదా! అంబర్‌పేట బస్సు వచ్చింది. నీరసంగా ఒక కాలు మెట్టుమీద పెట్టాడు.

మళ్లీ ఫోన్. ఈసారి కాల్.

"ఎక్కడున్నవ్?"

"బస్సు ఎక్కుతున్న. నువ్వు కాదన్నవ్ గద."

"నేనెప్పుడన్న? లొకేషన్ పంపిన గద! నాన్న నీకోసం చాయ్ పెట్టించి కూసున్నడు. పొద్దుగాల నేర్పింది సాయంత్రానికే మరిచినవా?"

అభిజిత్ ఒక్క దూకు దూకాడు. కండక్టర్ తిట్లు వెనకే ఉండిపోయాయి. చిక్కడపల్లి దాకా ఒకటే పరుగు.

తలుపు తీసిన సంజన తండ్రి కిషన్ రావు, తడిసిన అబ్బాయిని కిందికీ మీదికీ చూశాడు.

"మా బిడ్డను మంచిగ చూసుకుంటవా?"

అభిజిత్ ముఖం తుడుచుకున్నాడు. కళ్లలో నీళ్లో, వాననీళ్లో. తల గబగబా ఊపాడు.

"నోటితోటి చెప్పడా?" అన్నాడు కిషన్ రావు.

తండ్రి భుజం వెనకనుంచి సంజన తువ్వాలు చాచింది.

"గట్ల చెప్పినా చెల్లుతది నాన్నా. నేను చదివిన."