తెర వెనక పదో ప్లేటు

మొట్టమొదట నేను చూసింది ఆమె ముఖం కాదు, ఆమె తోసేసిన ప్లేటు.

సౌదీలో, అల్ ఖోబర్ ఊళ్ళో, అజీజియా పేటలో ఖాదర్ మొహిద్దీన్ భాయ్ మెస్సు ఉంది. అందులో నేను వంటవాణ్ణి. పేరు లింబాద్రి, ఊరు కోరుట్ల దగ్గర. ముందు హాల్లో మగవాళ్ళ బల్లలు, లోపల ఫ్యామిలీ సెక్షన్‌లో మూడు చిన్న గదులు, ఒక్కో గదికి ఒక్కో పూల తెర. ఆడవాళ్ళు కూర్చోగానే తెర పడిపోతుంది. ఆ తర్వాత ఏం చెప్పాలన్నా బయట నిలబడి ఆ పూలకే చెప్పుకోవాలి.

ఆ ఏడాది కార్నిష్ అనే సముద్రపు ఒడ్డు రోడ్డు వైపు వీగన్ హోటళ్ళు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. ఖాదర్ భాయ్ అది చూసి, శాకాహారానికి వచ్చిన కొత్త పేరు కాబోలు అనుకుని, మా బోర్డు కింద పచ్చరంగుతో 'వీగన్' అని రాయించాడు. నేనూ అదే అనుకున్నాను. మావైపు నీచు తగలకపోతే చాలు, ఇంకెవరూ ఏమీ అడగరు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడో తెర వెనక నుంచి ఒక గొంతు అడిగింది.

"ఇది వీగనేనా అండీ?"

"నూటికి నూరుపాళ్ళు వీగన్ మేడమ్!" అన్నాను ఛాతీ విరుచుకుని. "పప్పుల అసలు నెయ్యి ఏసిన. పెరుగు గూడ మేమే తోడేసినం."

తెర పక్కకు జరిగి, ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి ప్లేటును బయటికి తోసింది.

"ఇది వీగనని మీకెవరు చెప్పారండీ?"

"బోర్డు మీద ఉన్నది గద మేడమ్."

"పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏవీ ఉండకూడదు. జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టం."

"అరే, ఆవును కోసినమా ఏంది? పాలు పిండుకున్నం, గంతే."

"ఆవుని అడిగే పిండారా?"

కోరుట్లలో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు.

లోపల ఇంకో ఆడగొంతు పకపకా నవ్వింది. "ఆ ప్లేటు ఇలా ఇవ్వు బాబూ, నేను తింటాను. నాకు నెయ్యితో ఏ గొడవా లేదు."

ఆవిడ తల్లి, ఉమాదేవి గారు. ప్లేటు తోసిన పిల్ల స్వర్ణ. వాళ్ళది కాకినాడ. తండ్రి ఇక్కడ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. వాళ్ళతో పక్కింటి సౌదీ అమ్మాయి కూడా వచ్చింది, పేరు హలీమా. ఆమె కూడా వీగనే. నల్లటి నికాబ్‌లో కళ్ళు తప్ప ఏమీ కనిపించవు, మాటకు 'షుక్రన్', అంటే థాంక్స్, తప్ప ఏమీ అనదు.

వెళ్ళేటప్పుడు కౌంటరు దగ్గర స్వర్ణ ముఖం చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. కోపంగా ఉన్న మనిషి అంత బాగుండకూడదు.

"ఫోన్లో ఒక పేజీ నడుపుతున్నానండీ. ఖోబర్‌లో పది వీగన్ ప్లేట్లని. తొమ్మిది దొరికాయి. పదోది తెలుగు ప్లేటే కావాలని నా పట్టుదల. మీ బోర్డు చూసి ఎంత ఆశపడ్డానో!"

"వచ్చే శుక్రవారం రండి మేడమ్. చేసి పెడత."

"మళ్ళీ ఏదైనా కలిపారంటే, నేను నోట్లో పెట్టుకునే ముందే చెప్పాలి. తిన్నాక చెప్తే మాత్రం ఊరుకోను. అదీ రూలు."

"తొందరగా చెయ్యి బాబూ," అన్నారు ఉమాదేవి గారు. "ఇక్కడ కుటుంబానికి తలకింతని కట్టే ఫ్యామిలీ లెవీ జూలైలో మళ్ళీ పెరుగుతోంది కదా. మా ఇద్దరికీ ఫైనల్ ఎగ్జిట్ వేయించి ఊరికి పంపేస్తానంటున్నారు మా ఆయన."

స్వర్ణ తను పుట్టి పెరిగిన వీధిని అద్దంలోంచి ఒకసారి చూసి, బయటికి నడిచింది.

ఆ వారం సెలవు రోజున ఆమె పేజీ పట్టుకుని ఊరంతా తిరిగాను. లెబనాన్ వాళ్ళ హోటల్లో ముజద్దరా తిన్నాను. బియ్యం, మసూర్ పప్పు, పైన నల్లగా వేయించిన ఉల్లిపాయలు. మా పులగానికి చుట్టమే. యెమెన్ వాళ్ళ కొట్టులో చిక్కుడుగింజల ఫూల్, పళ్ళెమంత తమీజ్ రొట్టె. ఇథియోపియా వాళ్ళ దగ్గర దుప్పటంత పుల్లట్టు, దాని మీద శనగపిండి కూర. అది మాత్రం రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. కార్నిష్‌లో పనసకాయను బర్గర్‌లో దాచి, సముద్రం చూపిస్తూ అమ్ముతున్నారు. తిన్నాక చెయ్యి కడుక్కుంటుంటే తట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, నువ్వుల పొడి, సర్వపిండి. వీటిలో దేంట్లో ఉంది నెయ్యి? మా అవ్వ దేవవ్వ బతుకంతా వీగనే, పాపం ఆమెకు ఆ సంగతి తెలియదు.

రెండో శుక్రవారానికి ప్లేటు సిద్ధం. సరిగ్గా ఆ మధ్యాహ్నమే వాన కొట్టింది. ఖోబర్‌లో వాన అంటే ఏడాదికి నాలుగుసార్లు వచ్చే చుట్టం, వచ్చిందంటే రోడ్డంతా దానిదే. ఇవాళ రారులే అనుకున్నాను. వచ్చారు. స్వర్ణ అబాయా అంచు మోకాలి దాకా తడిసింది, చెప్పులు చేతిలో ఉన్నాయి, ఒకటే నవ్వు.

ఆ నవ్వు చూసి నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఈ ప్లేటు తింటుంది. ఫోటో తీస్తుంది. పది పూర్తయిపోతాయి. ఇక ఈ గుమ్మం ఎందుకు తొక్కుతుంది?

నా చెయ్యి దానంతటదే నెయ్యి డబ్బా మూత తీసింది.

"మేడమ్, ముందే చెప్పాలె గద," అన్నాను తెరతో. "రొట్టె మీద ఇంత నెయ్యి రాసిన. అలవాటుల పొరపాటు."

"అయ్యో రామా! ఇటివ్వు బాబూ," అన్నారు ఉమాదేవి గారు.

మూడో వారం బీరకాయ పచ్చడిలో పెరుగు కలిసింది. నాలుగో వారం నిమ్మరసంలో తేనె.

"తేనె కూడానా లింబాద్రి గారూ? తేనెటీగల్ని అడిగారా?"

"అడిగిన మేడమ్. తీస్కపో అన్నయి."

తెర వెనక నవ్వు ఆపుకోవడం వినిపించింది. ఆ నవ్వుతో నాకు వారం గడిచిపోయేది. స్వర్ణ ప్రతిసారీ పచ్చి ఉల్లిపాయ, కీరా ముక్కలు తిని లేచేది. హలీమా కోసం నేను విడిగా కలిపే పచ్చిపులుసు మాత్రం గిన్నె అడుగంటేది. ఉమాదేవి గారు ఒళ్ళు చేశారు.

ఒకసారి కౌంటరు దగ్గర ఖాదర్ భాయ్ నన్ను నిలదీశాడు. బిల్లు కట్టడానికి వచ్చిన హలీమా ఎదురుగా నిలబడి ఉంది.

"క్యా రే లింబాద్రి, చెయ్యొస్తలేదా నీకు? గా ఒక్క ప్లేటు చేసిస్తే మన మెస్సు పేరు ఫోన్లకెక్కుతది గద!"

"మెల్లగ భాయ్. కావాల్నని కలుపుతున్న. లిస్టు అయిపోతే పిల్ల మల్ల రాదు."

"చుప్! ముందట మనిషి ఉన్నది."

"సౌదీ అమ్మాయికి తెలుగేం సమజైతది భాయ్? నా కడుపుల ఉన్నది ఇంకెవలకు చెప్పుకోవాలె? గా పిల్ల జూలైల పోతదంట. పోతే నా గతేంది? పెండ్లి చేసుకుంటే గామెనే చేసుకోవాలె. ఆవును అడిగి పాలు పిండమంటే పిండుత!"

హలీమా రెండుసార్లు కళ్ళార్పింది. రసీదు తీసుకుంది. "షుక్రన్," అని వెళ్ళిపోయింది. ఆ వారం నుంచి నేను కౌంటరు దగ్గర నా గోడంతా వెళ్ళబోసుకోవడం అలవాటు చేసుకున్నాను. సౌదీలో తెలుగు మాట్లాడుకున్నంత భద్రం ఇంకోటి లేదని మా అందరి ధీమా.

జూన్ వచ్చింది. ఒకరోజు ఖాదర్ భాయ్ లేబర్ ఆఫీసు నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"నితాకత్‌ల, గదే సౌదీలకు కొలువియ్యాలన్న రూలుల, రెడ్ పడ్డం రా. కాగితాల మీద ఒక్క సౌదీ గూడ లేడని ఈడ ఉండనిచ్చే నీ ఇకామా రెన్యువల్ ఆపిండ్రు. ఈ పప్పన్నం కొట్టుల కూసునే సౌదీని యాడికెళ్ళి తేవాలె? నీకు ఎగ్జిట్ తప్పదు."

ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాకేమో పెదాలు చెవుల దాకా సాగాయి.

"అరే, ఏడ్వాల్సింది పోయి నవ్వుతవేంది రా?"

"భాయ్, ఆమె గూడ పోతున్నది గద! ఆమె కాకినాడకు, నేను కోరుట్లకు. నడుమ సముద్రం లేదు, వీసా ఇచ్చే కఫీల్ లేడు, తెర లేదు. ఒక్క రాత్రి బస్సెక్కితే పొద్దున్నే వాళ్ళ గుమ్మంల ఉంట."

"దీవానా అయినవ్," అన్నాడు ఖాదర్ భాయ్.

మర్నాడు శుక్రవారం. ఇక దాచి లాభం లేదు, ఆశపడేందుకు దారి దొరికింది. తెల్లారే లేచి జొన్నరొట్టెలు కొట్టాను. పచ్చిపులుసు, నువ్వుల పొడి, సర్వపిండి, పల్లీనూనె పోపుతో పెసరపప్పు, కొబ్బరిపాలు, బెల్లంతో పాయసం. నెయ్యి డబ్బా తీసుకెళ్ళి ఖాదర్ భాయ్ మంచం కింద పెట్టాను, నా చేతిని నేనే నమ్మక.

ప్లేటు తెర లోపలికి అందించాను.

"ఇవాళేం కలిపారు?" అంది స్వర్ణ.

"ఏం కలపలే మేడమ్. ఒట్టు. కానీ మీకు ఒకటి చెప్పాలె. ఇన్ని దినాలు పొరపాటు కాదు, కావాల్నని కలిపిన. ఇంకోటి, నాకు గూడ ఎగ్జిట్ పడుతున్నది. మీరు పోయినంక నేను గూడ వస్త. కాకినాడకు."

నేనింత సంతోషంగా చెప్పిన మాటకు ఎవరూ పలకరేమిటి?

"అయ్యయ్యో," అన్నారు ఉమాదేవి గారు చివరికి. "మేం వెళ్ళట్లేదు బాబూ."

"ఆఁ?"

"అమ్మాయికి స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. మా లెవీ తనే కట్టుకుంటానని వాళ్ళ నాన్నని ఒప్పించేసింది. నెల రోజులు కాళ్ళరిగేలా తిరిగి పర్మిట్ తెచ్చుకుంది."

నా గుండె జారి చెప్పుల్లో పడింది. నేను పోవాలని పండగ చేసుకున్నాను, ఆమె ఉండాలని పోట్లాడింది.

"ఎందుకు మేడమ్? ఎందుకు ఉంటున్నరు?" అన్నాను.

"ప్రతి శుక్రవారం పచ్చి ఉల్లిపాయలు తినడానికి ఇంత దూరం ఎందుకొచ్చానో, అందుకే," అంది స్వర్ణ. ఆమె గొంతు తడిగా ఉంది. "ఆవును అడిగి పాలు పిండే మనిషి ఇంకెక్కడ దొరుకుతాడండీ నాకు?"

ఆ మాట నేను తెరతో ఎప్పుడూ అనలేదే! కౌంటరు దగ్గర అన్నాను. ఖాదర్ భాయ్‌తో.

అప్పుడు మూడో గొంతు పలికింది. ఈ నాలుగు నెలల్లో 'షుక్రన్' తప్ప ఎరగని గొంతు.

"ఏం లింబాద్రీ, తెలుగు నీ ఒక్కనికే వచ్చు అనుకున్నావా? నన్ను సాకింది కడప మహబూబ్బీలేబ్బా. మా ఇంట్లో పనికొచ్చి పద్దెనిమిదేండ్లు ఉండాది. అరబ్బీ కంటే ముందు నాకు ఆ యమ్మ తిట్లే వచ్చినాయి. నువ్వు కౌంటరు కాడ చెప్పినేటివన్నీ ఆ పొద్దే స్వర్ణకు చెప్పేసినా."

నేను గోడ పట్టుకున్నాను. పెళ్ళి మాట, గతేంది మాట, అన్నీ వరుసగా గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. నాలుగు నెలలు నేను వీళ్ళను ఆడిస్తున్నాననుకున్నాను. లోపల ముగ్గురూ కూర్చుని నన్ను ఆడించారు.

"సరే, ఏడ్చింది చాల్లే," అంది హలీమా. "మీ కొట్టుకు ఒక సౌదీ కావాలంట గదా? నేనుండాను. మూణ్ణెల్లుగా ఉద్యోగం కోసరం తిరగతానే ఉండా. మేనేజరు చెయ్యండి. కాకపోతే దినామూ పచ్చిపులుసు పెట్టాల."

కౌంటరు వైపు కుర్చీ పడిన చప్పుడైంది. చెవులు రిక్కించి వింటున్న ఖాదర్ భాయ్ కింద పడ్డాడు. కింద నుంచే, "మంజూర్! రెండు గిన్నెలు మంజూర్!" అని అరిచాడు.

నేను తెర ముందే నిలబడి ఉన్నాను.

"లింబాద్రి గారూ," అంది స్వర్ణ. "ముద్ద కలిపాను. నోట్లో పెట్టుకునే ముందు ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా? రూలు రూలే."

"ఉన్నది."

"కౌంటరుతో కాదు, నాతో చెప్పండి."

చెప్పాను. పూల తెరతోనే చెప్పాను, కానీ అంతా చెప్పాను. లోపల ఆమె ముద్ద నోట్లో పెట్టుకున్న చప్పుడు వినిపించింది.

"బాగుంది," అంది. పప్పు సంగతో నా సంగతో ఈ రోజుకీ చెప్పలేదు.

ఆ నెలాఖరుకు మెస్సు రెడ్‌లోంచి గ్రీన్‌లోకి వచ్చింది, నా ఇకామా బతికింది. స్వర్ణ పేజీలో పదో ప్లేటుగా జొన్నరొట్టె, పచ్చిపులుసు ఎక్కాయి. వాళ్ళ నాన్నగారు నన్ను పరీక్షించడానికి వచ్చి మూడు రొట్టెలు తిన్నారు. వంటవాడికి పిల్లనివ్వడమా అని ఇంట్లో వారం రోజులు తిట్టినాయన, చేతులు కడుక్కుంటూ, "అంతా బ్రహ్మాండం. పప్పులోకి ఒక్క చుక్క నెయ్యి పడితేనా..." అన్నారు.

"నాన్నా!" అని తెర వెనక నుంచి కేక.

పెళ్ళి కాకినాడలో చేసుకున్నాం. ఖాదర్ భాయ్ కొత్త షేర్వాణీలో వచ్చాడు. హలీమా కడప వెళ్ళి మహబూబ్బీని వెంటబెట్టుకుని వచ్చింది. పీటల మీద మా ఇద్దరి మధ్యా అడ్డుతెర పట్టారు. నాకు నవ్వాగలేదు. ఇక్కడికొచ్చినా తెరే. జీలకర్ర బెల్లం చేతిలో పెట్టుకుని ముహూర్తం కోసం చూస్తుంటే, తెర అవతల నుంచి ఆ గొంతు నెమ్మదిగా అడిగింది.

"ఇది వీగనేనా అండీ?"

"నూటికి నూరుపాళ్ళు వీగన్ మేడమ్."

తెర దించారు. ఈసారి ఆమె ముఖం ముందు చూశాను, తర్వాతే పళ్ళెం. అందులో పచ్చగా మెరుస్తూ తలంబ్రాలు ఉన్నాయి. పురోహితుడు ఏం కలిపాడో నాకు వాసనకే తెలిసిపోయింది.

"స్వర్ణా," అన్నాను, "ముందే చెప్తున్న. తలంబ్రాలల్ల నెయ్యి కలిపిండ్రు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత పళ్ళెం రెండు చేతులా ఎత్తి, ఒక్క గింజ మిగల్చకుండా, మొత్తం నా నెత్తిన బోర్లించింది.