తిట్టినా సైటేషనే

ఈగలు చచ్చిపోయిన రోజున అతను ఎవరితోనూ ఏమీ అనలేదు. ఈగలు పోయాయని ఏడిస్తే జనం నవ్వుతారు.

వేసవి సెలవుల్లో ల్యాబ్‌లోని చలిగది కూలర్ ఆగిపోయింది. వచ్చి చూసేసరికి గాజు సీసాల్లోని పండ్ల ఈగలన్నీ అడుగున పడి ఉన్నాయి. అది అతని గురువుగారు మొదలుపెట్టిన సంతతి. వాటికి పుట్టుకతోనే రెక్కలు ముడుచుకుని ఉంటాయి. దానికి ఫలానా జన్యువు కారణమని గురుశిష్యులు కలిసి ఒక పేపర్ రాశారు. గురువుగారు పోయి ఏడాది అయింది. ఇప్పుడు ఈగలూ పోయాయి.

ఆ వారమే డైరెక్టర్ పిలిచాడు. అతని ఉద్యోగం పొడిగించాలా వద్దా అన్నది తేల్చాలి.

“నీ పేపర్‌ను ఎవరెవరు ప్రస్తావించారో చూశానయ్యా. సైటేషన్లు బాగానే ఉన్నాయి. కాకపోతే దాదాపు అన్నీ ఒక్కరివే.”

“ఎవరివండీ?”

“వెనక వీధి ల్యాబ్‌లో ఉంటుందే, ఆ అమ్మాయివి. రాసిన ప్రతి పేపర్లోనూ నువ్వు చెప్పింది తప్పంటుంది.”

“అవి కూడా లెక్కేనా?”

“తిట్టినా సైటేషనే. ఆవిడే లేకపోతే నీ పేరెత్తే దిక్కు లేదు. సరే, ఈగలు లేకుండా ఇకమీద ఏం పని చేస్తావు? నెలాఖరులోగా ఈగల్ని చూపించు. లేకపోతే నా చేతిలో ఏమీ లేదు.”

అచ్చయిన పరిశోధనకు వాడిన ఈగల్ని ఎవరడిగినా ఇవ్వాలన్నది ఆ వృత్తిలో మర్యాద. కొన్నేళ్ల కిందట ఆమె అడిగితే, కత్తి చేతికిచ్చి మెడ చాచినట్టు ఒక సీసా పంపించాడు. ఆమెను ఎప్పుడూ చూడలేదు.

“వెళ్ళి అడుగు,” అంది అక్క.

“నన్ను తిట్టే మనిషిని ఏమని అడగనే?”

“తిట్టాలంటే నువ్వు రాసింది చదవాలి కదరా. నేనే చదవలేదు.”

వానలో బయల్దేరాడు. ఇంట్లో ఉన్న ఒక్క గొడుగునూ అక్క అప్పటికే తీసుకెళ్ళిపోయింది.

ఆమె తలుపు తీసి, కారుతున్న నీళ్ళనూ అతన్నీ చూసింది. అతను తానెవరో చెప్పుకున్నాడు.

“మీరేనా? ఎవరో పెద్దాయన అనుకున్నాను. మీ జవాబుల్లో అంత విసుగు!”

“మీ ప్రశ్నల్లో వెటకారానికి అదే తక్కువండీ. ఆ ఈగలు ఉన్నాయా? మావి పోయాయి.”

ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్ళి ఒక సీసా తెచ్చి అతని ముందు పెట్టింది.

“పారేయలేదా? తప్పన్నారుగా.”

“తప్పని తేల్చాలన్నా ముందు వాటిని బతికించాలి కదండీ.”

సీసా మీద చీటీ ఉంది. గురువుగారి చేతిరాత. సీసా మార్చినప్పుడల్లా ఆమె ఆ చీటీని ఊడదీసి కొత్తదానికి అంటించినట్టుంది. అంచులు నలిగిపోయాయి. అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“వాన,” అన్నాడు.

“లోపల కురవడం లేదండీ,” అంది ఆమె. తర్వాత తువాలు ఇచ్చింది.

అతను సీసా ఎత్తి చూశాడు. ఈగల రెక్కలు తిన్నగా ఉన్నాయి.

“ఇవి మావి కావు.”

“మీవే. పోయిన చలికాలం మా హీటర్ పాడైంది. ఆ చలిలో పుట్టినవాటికి రెక్కలు ముడుచుకున్నాయి, మా మామూలు ఈగలకు కాదు. మీరన్న జన్యువే, కాకపోతే చలి ఉంటేనే పనిచేస్తుంది. మీ గది చల్లగా ఉంటుందని పేపర్లో ఒక్క ముక్క రాయలేదేం?”

“గురువుగారికి ఉక్క పడదు. కూలర్ ఆయన కోసం పెట్టిందే. అది రాయాలని తోచలేదు.” సీసా బల్ల మీద పెట్టాడు. “అంటే మేం చెప్పింది తప్పు కాదని మీకు చలికాలంలోనే తెలిసిందా? మరి రాయలేదేం?”

ఆమె సీసా మూతను, అవసరం లేకపోయినా, మళ్ళీ బిగించింది.

“రాస్తే మీతో తగువు అయిపోతుంది.”

అతను చాలాసేపు ఆలోచించాడు. పరిశోధకులకు అది అలవాటే.

“అయిపోనివ్వకండి,” అన్నాడు. “ఉద్యోగం ఉన్నా ఊడినా సరే. రోజూ తిట్టించుకుంటాను.”

“సైటేషన్ల కోసమా?”

“కాదండీ.”

“అయితే ఆలోచిస్తాను,” అంది ఆమె. గొడుగు మాత్రం వెంటనే ఇచ్చింది.

“వెతుక్కుంటూ వెళ్ళి మరీ తిట్లు తెచ్చుకున్నావు కదరా,” అంది అక్క, అతను పెళ్ళి మాట ఖాయం చేసుకుని వచ్చిన రోజున. ఉద్యోగం నిలిచింది. ఈగలు ఇప్పుడు రెండు వీధుల్లోనూ ఉన్నాయి, ఒకచోట చల్లగా, ఒకచోట వెచ్చగా.

కలిసి రాసిన పేపర్లో చివర గురువుగారి పేరు ఉండాలని ఇద్దరూ మొదటిరోజే ఒప్పుకున్నారు. ముందు ఎవరి పేరన్నది తేలలేదు. పేపర్ ఇంకా పంపలేదు.