వెనక్కి తిరిగి చూసే కార్డు

"ఆఫీసులో ఇన్ని కుర్చీలుండగా మీకు నా వీపు వెనకే చోటు దొరికిందా?"

పిడుగు అలా అనేసరికి ఆఫీసంతా కీబోర్డులు ఆపి చెవులు రిక్కించింది. ఆ అమ్మాయి కోడ్ రాసే వేగం, మాట విసిరే వేగం చూసి అందరూ పిడుగనే పిలుస్తారు. వెనక నిలబడ్డవాడు కొత్తగా చేరిన డిజైనర్. ఒక్క రంగు ఎంచడానికి పూటంతా తీసుకుంటాడని అతనికి నత్త అని పేరు పెట్టింది ఆమే.

"తెర మీది ఆ కార్డు ఇంకొక్కసారి కదిలించరూ," అన్నాడు నత్త.

రోజూ ఇదే వరస. మధ్యాహ్నం టీ కాగానే వచ్చి నిలబడతాడు. పిడుగు పైకి విసుక్కునేదే గానీ, అతను కాస్త ఆలస్యం చేస్తే చూపు తలుపు మీదికే పోయేది.

వాళ్ళ వెబ్‌సైట్ ఒక చిన్న జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది. ఎవరో రాసి, అందరూ వాడుకోండని ఇంటర్నెట్‌లో వదిలేశారు. పిట్టంత ప్రోగ్రామ్. దానితో తెర మీద కార్డులు, అంటే బొమ్మా రాతా ఉన్న చిన్న పలకలు, నీళ్ళలో ఆకుల్లా జారతాయి. చిన్న ఫోన్‌లోనూ అవి చక్కగా ఒదిగేలా దానికి కొత్త భాగం కలపడం పిడుగు పని.

ఒక్కటే చిక్కు. తెర దాటి పోయే కార్డు అంచు దగ్గర ఆగుతుంది. కాస్త వంగి, వెనక్కి చూసినట్టు తిరుగుతుంది. అప్పుడు పోతుంది.

"ఎవరో మనల్ని చూస్తున్నట్టుందమ్మా, సాయంత్రానికల్లా తీసేయండి," అన్నాడు ఆ పొద్దున సైట్ చేయించుకుంటున్న పెద్దమనిషి.

కార్డును ఆపే కోడ్ లైన్లు పిడుగు వెంటనే తీసేసింది. అయినా కార్డు ఆగింది. మళ్ళీ అంతా గాలించింది. ఎక్కడా ఏమీ లేదు. కార్డు మాత్రం ఆగి, చూసి, మరీ వెళ్ళింది. ఆమె గిర్రున నత్త వైపు తిరిగింది.

"నేను లేచినప్పుడల్లా ఆ లైన్లు మీరే తిరిగి పెడుతున్నారు కదూ?"

"నాకు కోడ్‌లో ఓనమాలు కూడా రావండీ." బయట వాన మొదలైంది. నత్త గొంతు తగ్గింది. "అది రాసింది మా అన్నయ్య. అమ్మానాన్నా లేని నాకు అన్నీ వాడే. ఎక్కడికి బయల్దేరినా గుమ్మం దాటి ఆగేవాడు. నేను బాగానే ఉన్నానా అని భుజం మీదుగా ఓసారి చూసి వెళ్ళేవాడు. ఆ చూపే ఇందులో పెట్టాడు. పోయినేడు జబ్బు చేసి పోయాడు. మిగతా సైట్లవాళ్ళంతా దాన్ని తీసేశారు. వెతగ్గా వెతగ్గా మీ దగ్గరే కనిపించింది. అందుకే ఇక్కడ చేరాను."



"అంటే రోజూ వచ్చింది కార్డు కోసమా?"

"మొదట్లో."

"ఇప్పుడో?"

"కార్డు ఆగేది ఒక్క క్షణం. నేను గంట నిలబడుతున్నాను. ఎవరి కోసమో మీరే తేల్చండి."

 పిడుగు తెర వైపు తిరిగి గబగబా రాయడం మొదలుపెట్టింది.

"తీసేస్తున్నారా?"

"ఇల్లు పడగొడతామా ఏంటి? పక్కన ఓ గది వేస్తున్నాను. ఆ చూపు అందులో ఉంటుంది. మీరు పిలిస్తేనే వస్తుంది."

చీకటి పడేవేళకి పని అయింది. పెద్దమనిషి పేజీలో కార్డులు ఆగకుండా జారిపోయాయి. ఆ చూపు తీసేస్తే మొండికేసింది, చోటిస్తే మాట విన్నది!

తర్వాత నత్త కోసం వేరే పేజీ తెరిచింది. కార్డు అంచు దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగింది. ఆమె రాసినదానికన్నా చాలాసేపు అలాగే ఉండిపోయింది. తెర అద్దంలో ఇద్దరి ముఖాలూ పక్కపక్కనే కనబడుతున్నాయి. కార్డు వాటి వంక నిదానంగా తల వంచినట్టు వంగి, వెళ్ళిపోయింది.

మళ్ళీ నడిపింది. ఈసారి ఆగలేదు. మరోసారి నడిపినా అంతే, వెనక్కి చూడకుండా పోయింది. రాసిన లైన్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"అయ్యో, చెడగొట్టానా?" అంది పిడుగు కీబోర్డు మీంచి చేతులు తీసేస్తూ.

నత్త కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "లేదు. ఇక నన్ను చూసుకోవాల్సిన పని లేదనుకున్నాడు అన్నయ్య."

 పిడుగు కాలితో పక్క కుర్చీని దగ్గరికి లాగింది.

"ఎంతకాలమని నిలబడతావు? కూర్చో."