అత్తగారి వేలిముద్ర

ఆరోగ్యమ్మ కన్నుమూసి నాలుగు నెలలైంది. అయినా ఆమె వేలిముద్ర మాత్రం నెలనెలా జబల్పూరు వెళుతూనే ఉంది! ఆ ముద్ర వేస్తున్నది కోడలు ఫిలోమినా. ఆమె మొగుడు ఇన్నయ్య జబల్పూరులో ట్రైనింగు ముగించుకుని పగటి బస్సుకి కారంపూడిలో దిగుతున్నానని కార్డు రాశాడు. ఇవాళ్టితో ఆ అబద్ధానికి నూకలు చెల్లాయి. పొయ్యి ముందు కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు ఫిలోమినాకి. భయపడే ఓపిక కూడా లేదు...

ఇన్నయ్య మిలిటరీ లారీల మెకానిక్కు. బర్మా సరిహద్దులో రెండేళ్ళు బురదలో దిగబడ్డ లారీలు బాగుచేసి, చలిజ్వరంతో సగం మనిషై ఇల్లు చేరాడు. ఆ తరువాతే, మరమ్మత్తులు చేయించే సూపర్వైజర్లకిచ్చే పై ట్రైనింగుకి అతన్ని ఎంచారు. ఆరు నెలలు. నెగ్గితే జబల్పూరు వర్క్‌షాపులోనే ఉద్యోగం, మధ్యలో వదిలేస్తే మళ్ళీ సరిహద్దుకే అని అతనే రాశాడు. రెండో నెలలో ఆరోగ్యమ్మ మంచం పట్టింది. మూడు రోజులైనా గడవలేదు, మహాతల్లి! పోతూ పోతూ కోడలి చెయ్యి పట్టుకుంది.

"నేను పోయినా వాడికి చెప్పమాకే... వాడు బతికుండాల" అంది.

ఆ మాట విన్నది ఫిలోమినా ఒక్కతే. శావల్యాపురం నుంచి పరుగెత్తుకొచ్చిన ఆడబిడ్డ రూతమ్మ, తమ్ముడికి తంతి కొట్టించమని కాళ్ళా వేళ్ళా పడింది. ఫిలోమినా అడ్రసున్న కవర్లు బియ్యం కుండలో దాచేసి పెదవి విప్పలేదు. కొడుకు వేయాల్సిన మొదటి పిడికెడు మన్ను ఎవరో దూరపు చుట్టం వేశాడు. మొగుడి చొక్కా మీద హోదా పట్టీల కోసం అత్త చావు దాచిందని ఊరంతా ఆడిపోసుకుంది. గుడిలో ఆమె కూర్చున్న చాప మీద మరో ఆడది కూర్చోవడం మానేసింది. అన్నీ దిగమింగింది ఆ పిచ్చితల్లి!

ఆ ఇంటి ఉత్తరం ఎవరు రాసినా చివర ఆరోగ్యమ్మ ఎడమ బొటనవేలు పడాలి. అది లేకపోతే ఇన్నయ్యకి ఇంటి ఉత్తరమనిపించదు. ఉత్తరాలు రాసిపెట్టే బాలశౌరి పంతులు మొదటిసారి కలం కింద పెట్టేశాడు. చచ్చిపోయిన మనిషి ముద్ర ఎలా వేస్తామని అడిగాడు. ఫిలోమినా తన వేలు సిరాలో ముంచింది. అలా నాలుగు ఉత్తరాలు...

మధ్యాహ్నానికి ఇన్నయ్య వచ్చాడు. ఖాకీ చొక్కా, చేతి మీద కొత్త పట్టీ. అమ్మేదని అడగలేదు. కాళ్ళు కడుక్కుని, తల్లి కుక్కిమంచం ఉండే చోట నిలబడిపోయాడు. తమ్ముడు వస్తున్నాడని తెలిసి వచ్చిన రూతమ్మ గుండెలు బాదుకుంటూ అంతా చెప్పేసింది. నీ పెళ్ళాం కన్నతల్లి కడచూపు కూడా దక్కనీయలేదని శాపనార్థాలు పెట్టింది.

"నాకు తెలుసక్కా" అన్నాడు ఇన్నయ్య.

ఇద్దరాడవాళ్ళూ నిర్ఘాంతపోయారు.

"జొన్న కోస్తా కొడవలి తగిలి అమ్మ ఎడమ బొటనేలి మీద అడ్డంగా గాటుండేది. చిన్నప్పటి నుంచీ చూస్తన్నా. రెండో నెల ఉత్తరంలో ఆ గాటు లేదు. అమ్మ బతికుంటే ఇంకోళ్ళ వేలు పడనిస్తదా? అక్కడ మాకు నేర్పేది అదే, పని చేసినోడు ఏం చెప్పినా ఇనుము మీద మచ్చ చూసి తప్పు కనిపెట్టమని. లారీ కింద పడుకుని ఏడ్చా. నా అంతట నేనే రాలేదు."

ఫిలోమినా తలెత్తింది. చలికి పగిలినప్పుడల్లా ఆ గాటుకి తనే పసుపు పెట్టింది. ముద్ర వేసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు!

"తెలిసీ ఒక్క ముక్క రాయలేదేందయ్యా? పోతా పోతా అత్త చెప్పొద్దందని నాలుగు నెలలు ఈ మోత నేనొక్కదాన్నే మోశా..." ఆమె గొంతులో కోపం కూడా అలిసిపోయి ఉంది.

"రాస్తే నీ ధైర్యం సడలిపోద్దనుకున్నా. రమ్మని నువ్వొక్క మాట రాయిస్తే ఆగేవాణ్ణి కాదు. నన్ను మళ్ళీ బర్మా పోనీకుండా నిలబెట్టింది నువ్వే. నీకు నేను చేసింది అన్యాయమే" అన్నాడు ఇన్నయ్య. తరువాత అక్క వైపు తిరిగి, ఆ నిందలన్నీ తనకి చెందాల్సినవని, ఆదివారం గుడిలో అందరి ముందూ ఆ మాటే చెబుతానని అన్నాడు.

ఫిలోమినా గూట్లో నుంచి చిన్న గుడ్డమూట తీసుకొచ్చింది. సమాధి తవ్విన నాడు అతని కోసం కట్టి ఉంచిన పిడికెడు మన్ను అది! ఇన్నయ్య మూట విప్పి, అందులో సగం ఆమె దోసిట్లో పోశాడు.

"అమ్మ బదులు వేలేశావు. మన్ను కూడా నాతో పాటు నువ్వెయ్యాల."

ముగ్గురూ సమాధుల తోటకి వెళ్ళొచ్చారు. ఇంటికొచ్చాక ఫిలోమినా మామూలుగా పొయ్యి దగ్గరికి నడవబోతే, రూతమ్మ ఆమె భుజం పట్టి ఆపింది.

"అమ్మ చెప్పిందని నాతో అయినా అనాల్సింది గదే..." అంటుంటే రూతమ్మ కళ్ళు నిండాయి.



"వదినా, కాసేపు పడుకుంటా" అంది ఫిలోమినా.

అత్తగారి మంచం వాల్చుకుని పడుకుంది. రూతమ్మ కొంగు బిగించి ఎసరు పెట్టడానికి కూర్చుంది.