తెల్లపాయ ఎవరిది?

“అవ్వా, నీ చేతికర్ర ఏదే?” వెనక బెంచీ నుంచి హర్ష అరిచాడు.

ఏడో తరగతి గొల్లుమంది. సాయిశ్రీ హెయిర్‌బ్యాండ్ ముందుకు లాక్కుంది. నుదుటి పైన తెల్లటి జుట్టు పాయ. పుట్టినప్పటి నుంచీ ఉంది. ఉదయగిరి నుంచి వచ్చి ఆత్మకూరు బడిలో చేరి రెండు నెలలైనా ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు.

సైన్స్ మేడం రెబెకమ్మ బల్ల తట్టింది. “మన రూపం జన్యువుల్లో ఉంటుంది. సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి. కొన్ని లక్షణాలు ఒక్కరి నుంచి వచ్చినా బయటపడతాయి. హర్షా, నీ సొట్టబుగ్గ ఎవరిది?”

“మా అమ్మది మేడం.”

“సాయిశ్రీ, నీ తెల్లపాయ?”

“ఎవరిదీ కాదు మేడం. మా ఇంట్లో ఎవరికీ లేదు.”

“అయితే ఈమె ఉదయగిరి బస్సులో దొరికుంటాది!” అన్నాడు హర్ష.

అందరూ నవ్వారు. సాయిశ్రీ నమ్మేసింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ అంగడికి వెళ్ళిపోయింది. నాన్న నాగార్జున జ్వరంతో మంచాన పడి మూడు వారాలు.

“సాయీ, తడిగుడ్డ మార్చమ్మా.”

పలకలేదు. మళ్ళీ పిలిచాడు. కిటికీ వైపు తిరిగింది. ఈయన నా నాన్నేనా?

మూడో పిలుపు రాలేదు.

మంచం దగ్గరికి పరుగెత్తింది. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. నుదురు కాలిపోతోంది. గుడ్డ తడిపి, జుట్టు పక్కకు తోసింది. చెయ్యి ఆగిపోయింది.

నల్లజుట్టు మొదళ్ళలో తెలుపు. ఒక్కచోటే. సరిగ్గా తనకున్న చోటే!

“నాన్నా! ఏంది ఇది?”

నాన్న ఉలిక్కిపడి అరచేత్తో కప్పుకున్నాడు. అచ్చం తనలాగే.

“ఉదయగిరి బళ్ళో నన్ను ముసలోడా అని ఏడిపించినారమ్మా. అప్పటినుంచీ రంగేస్తా ఉండా. ఈసారి జొరంతో కుదర్లా.”

ఆదివారాలు బాత్రూమ్ గడియ పడేది ఇందుకా!

“మరి అవ్వకి?”

“ఉండాది. తలంతా నెరిసింది గదా, కనపడదు. మీ అత్తకి రాలా.”

“నాకెందుకు చెప్పలేదు?”

సాయిశ్రీ నాన్న అరచెయ్యి మెల్లగా తీసి, తడిగుడ్డ వేసింది. “పిలిస్తే పలకలేదు నాన్నా... ఇంకెప్పుడూ అట్ట చెయ్యను.”

తర్వాతి సోమవారం, జ్వరం తగ్గిన నాన్న స్కూటర్ మీద బడి దగ్గర దింపాడు. హెల్మెట్ మాత్రం తియ్యలేదు.

“తియ్యి నాన్నా. మా మేడంకి చూపించాలి.”

తీశాడు. రంగు వెయ్యని తెల్లపాయ మొదళ్ళు ఎండలో మెరిశాయి. గేటు దగ్గర హర్ష నోరు తెరిచాడు. నాన్న అడుగు ఆగిపోయింది. కొత్తగా బడికొచ్చిన పిల్లాడిలా అటూ ఇటూ చూశాడు.

సాయిశ్రీ హెయిర్‌బ్యాండ్ తీసి బ్యాగులో పడేసింది.

“ఏం కాదు నాన్నా, నేనుండా గదా!”

ఆయన వేలు పట్టుకుని లోపలికి నడిచింది.