కడుపునొప్పి అన్న మాట

ఆ రోజు నవంబరు పద్దెనిమిది అనీ, పొద్దున తిన్నది రొట్టె, ఉడికించిన గుడ్లు అనీ టైలరుకు ఇప్పటికీ గుర్తుంది. కోడలు తన గుడ్డు ఆయన పళ్ళెంలోకి నెట్టేసి, ఆకలి లేదంటూ కాజాలు కుట్టడానికి కూర్చుంది. ముందుగదే వాళ్ల దుకాణం. అప్పటికి కొడుకు పోయి ఏడాది కావస్తోంది. అప్పట్నించి ఆ గదిలో మిషను చప్పుడే తప్ప మనిషి మాట తక్కువ.

కాసేపటికి ఆరోగ్యకేంద్రం నర్సు వచ్చింది. ఈమధ్య ఎవరింట్లో ఎవరు పోయారో, ఎందువల్ల పోయారో అడిగి రాసుకుంటోంది. టైలరు తలెత్తకుండానే, కొడుకు కడుపునొప్పితో పోయాడన్నాడు. చుట్టాలకూ, బట్టలిచ్చేవాళ్లకూ అదే చెప్పాడు.

నర్సు పెన్ను ఆపింది. "ఈ వీధిలో కడుపునొప్పితో పోయినవాళ్లు చాలామందే ఉన్నారండీ. అందరూ పడుచువాళ్లే. ఇలా రాసుకుంటూ పోతే పైవాళ్లు మాకు కడుపునొప్పి మాత్రలే పంపిస్తారు."

టైలరుకు కోపం వచ్చింది. పోయినవాణ్ణి మళ్లీ రచ్చకీడ్చవద్దని, ఇక వెళ్లిరమ్మని అన్నాడు. ఆమె లేవబోయింది.

"ఉండండి," అంది కోడలు. సూది చేతిలోనే ఉంది. "మామయ్యా, నాకూ వస్తోంది ఆ కడుపునొప్పి."

టైలరు చెయ్యి అలవాటుగా మందుల డబ్బా వైపు వెళ్లింది. మధ్యలోనే ఆగిపోయింది.

"ఎప్పట్నించమ్మా?"

"ఆయన పోయినప్పట్నించీ. మీరు కడుపునొప్పి అని చెప్పేశాక నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనెవరితో చెప్పుకోను?"

ఆయన నర్సు వంక చూశాడు. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని ఆయన గొణిగాడు. అలా పుట్టదనీ, లోపల ఉన్నదే బయటికొస్తుందనీ ఆమె చెప్పింది. అప్పుడాయన మిషను దగ్గర్నించి లేచి, కోడలి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?"

"అనిపిస్తోంది మామయ్యా," అని ఆమె ఏడ్చేసింది. ఏడాదిలో ఆమె ఏడవగా ఆయన చూడటం అదే మొదలు.

ఆస్పత్రికి బయల్దేరుతుంటే బడి మాస్టారు కుట్టడానికిచ్చిన ప్యాంటు కోసం వచ్చి, ఇంకా కాలేదని తెలిసి, పెళ్లికి తువ్వాలు చుట్టుకుని వెళ్లమంటావేంటయ్యా అని నిలదీశాడు. టైలరు నోటిదాకా పాత మాటే వచ్చింది. మింగేశాడు.

"కోడలికి మనసు బాగోలేదు మాస్టారూ. మావాడు పోయిందీ అందుకే. ప్రాణం వాడే తీసుకున్నాడు."

మాస్టారు వెళ్లి బండి పిలుచుకొచ్చి, తనూ ఎక్కాడు.

డాక్టరమ్మ కోడలితో చాలాసేపు మాట్లాడింది. మందులిచ్చి, వారంవారం రమ్మంది, ఒంటరిగా వదలొద్దంది. సాయంత్రానికి కోడలి అక్క సంచీతో దిగింది. భోజనాల దగ్గర కోడలు, తన మొగుడు హడావుడిలో గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకునేవాడని చెప్పి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"టైలరు కొడుకై ఉండి," అన్నాడాయన. ఆయన కళ్లూ ఆగలేదు.

చీకటి పడ్డాక అక్కచెల్లెళ్లు లోపలి గదిలో పడుకుని ఏదో చెప్పుకుంటున్నారు. మాటలు తెలియడం లేదు, గొంతులు మాత్రం వినిపిస్తున్నాయి. టైలరు కాసేపు ఆ గొంతులు వింటూ నిలబడి, వీధి తలుపు చప్పుడు కాకుండా మూశాడు.