నలభై రెండు టెస్టులు, ఒక్క లాగిన్

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ఆసుపత్రి ల్యాబ్‌లో పదకొండు కంప్యూటర్లు ఒకేసారి "పాస్‌వర్డ్ తప్పు" అన్నాయి. పది పదమూడుకి అక్కడి డేటాబేసులు చూసుకునే మేడం మూడో అంతస్తులోని ఐటీ గదికి వచ్చింది. చేతిలో ప్రింటు కాగితం ఉంది.

"ప్లగిన్ మార్చింది ఎవరు?"

గదిలో ఆరుగురున్నారు. ఐదుగురు ఆరోవాడి వైపు చూశారు.

ఆరోవాడు చేరి రెండు నెలలైంది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. "నేనే మేడం. కానీ ప్లగిన్‌కి నేను రాసిన టెస్టులన్నీ పాసయ్యాయి. నలభై రెండుకి నలభై రెండు."

"చాలా సంతోషం. కింద జనం మోచేతికి దూది అదుముకుని రిపోర్టుల కోసం కూర్చున్నారు. మీ టెస్టుల్ని పంపండి, వాళ్ళకి సర్దిచెబుతాయి."

ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. పాత ప్లగిన్‌ను తిరిగి పెట్టాడు. పావుగంటలో ల్యాబ్ నడిచింది.

"థాంక్స్, నలభై రెండు గారూ," అని ఆమె వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆ పేరు ఆఫీసంతా పాకింది.

ఆమెకూ ఒక పేరుంది. తాళాల మేడం. ల్యాబ్, రక్తనిధి, ఎక్స్‌రే విభాగాల డేటాబేసులు మూడూ తొమ్మిదేళ్ళుగా ఆమె చేతిలో ఉన్నాయి. ఆమె ఒప్పుకోకుండా వాటిలోకి ఎవరూ వెళ్ళలేరు.

ప్రోగ్రాములు మాత్రం ఒక పద్ధతి ప్రకారం వెళ్తాయి. రహస్యాలు దాచే వ్యవస్థ ఒకటుంది. ఆఫీసులో దాన్ని ఖజానా అంటారు. ఏ ప్రోగ్రాము అడిగినా అది గంటసేపటికి ఒక యూజర్‌ను పుట్టించి, పాస్‌వర్డ్ ఇచ్చి, గంట కాగానే ఆ యూజర్‌ను తీసేస్తుంది. ఈ పాత డేటాబేసుల భాష ఖజానాకు రాదు. మధ్యలో దుబాసీ కావాలి. ప్లగిన్ అంటే ఆ దుబాసీయే. మూడు డేటాబేసులకీ మూడు ప్లగిన్లు ఆసుపత్రివాళ్ళే రాసుకున్నారు.

ఇప్పుడు ఖజానాకు కొత్త ఇంటర్‌ఫేస్ వెర్షన్ వచ్చింది. నెలాఖరు దాటితే పాత పద్ధతిలో మాట్లాడే ప్లగిన్‌ను అది లోపలికి రానివ్వదు. మూడింటినీ కొత్త పద్ధతికి మార్చడం అతని పని. మొదటిదే బోర్లా పడింది.

ఆ మధ్యాహ్నం మేనేజరు కారణం రాసిమ్మన్నాడు. అతను రెండు వాక్యాలు రాశాడు. "డేటాబేసు పాతది. కొత్త పాస్‌వర్డులను తీసుకోవడం లేదు." అది నిజమో కాదో చూడలేదు. నిజమే అనుకున్నాడు.

బుధవారం పొద్దున్నే మేనేజరు పిలిచాడు.

"నీ రిపోర్టు పైకి పంపాను. మూడు డేటాబేసులూ మూసేసి బయటి సర్వీసు తీసుకుంటారట. ఆవిడని వేరే ఊరి శాఖకి బదిలీ చేస్తారు. నీ తలనొప్పి వదిలింది పో."

అతను తన సీటుకి వెళ్ళలేదు. మెట్లు దిగి ల్యాబ్ పక్క గదికి వెళ్ళాడు.

గదిలో రెండు కుర్చీలు. ఒక దాంట్లో ఆమె, రెండో దాంట్లో ఫైళ్ళు. కిటికీ మీద వాన పడుతోంది. అతను నిలబడే లాప్‌టాప్ తెరిచాడు.

"నిన్న డేటాబేసు రాసుకున్న లాగ్ ఒకసారి చూడాలి మేడం."

"లాగ్ నేను చూస్తాను. మీరు మీ కోడ్ చదవండి. పైకి."

"చూపిస్తాను కదా."

"చూపించొద్దు. కన్ను దాటేసిన దాన్ని నోరు దాటెయ్యలేదు."

అతను చదివాడు. "కొత్త యూజర్ కావాలని ఖజానా అడుగుతుంది. పాస్‌వర్డ్ తనే ఇస్తుంది. ప్లగిన్ యూజర్ పేరు తయారు చేస్తుంది. తర్వాత పాస్‌వర్డ్ తయారు..."

"ఆగారేం?"

"ఇది పాత లైను."

పాత పద్ధతిలో పాస్‌వర్డ్ తయారుచేసేది ప్లగినే. కొత్త పద్ధతిలో ఖజానా ఇస్తుంది, ప్లగిన్ దాన్ని డేటాబేసుకు అందిస్తే చాలు. అతను ఇల్లు మార్చి, పాత ఇంటి తాళం కొత్త తలుపుకి బిగించాడు. ఖజానా ప్రోగ్రాముకు ఒక పాస్‌వర్డ్ చెప్పింది, ప్లగిన్ డేటాబేసులో మరోటి పెట్టింది.

"మరి మీ నలభై రెండు టెస్టులు?"

"యూజర్ తయారైందా అని చూశాయి."

"ఆ యూజర్‌తో లాగిన్ అయి చూశాయా?"

"లేదు."

"అంటే, పెళ్ళికొడుకు దిగాడా అని చూశారు గానీ ఎవరి పెళ్ళికి దిగాడో అడగలేదు."

అతనికి నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది. "మేడం, ఇంకోటుంది," అని ఫోన్లో రిపోర్టు తీసి ఆమె చేతికిచ్చాడు. బదిలీ మాట కూడా చెప్పాడు.

ఆమె ఆ రెండు వాక్యాలు రెండుసార్లు చదివింది.

"రాసేముందు కిందికి దిగి నన్నొక మాట అడగాల్సింది."

"అవును."

"అవునంటే సరిపోతుందా?"

"సరిపోదు."

గంటలో ఇంకో ఉత్తరం వెళ్ళింది. తప్పు డేటాబేసుది కాదు, నాది అని రాశాడు. లైను నంబరు వేశాడు. పైవాళ్ళందరికీ పంపాడు.

మేనేజరు తల పట్టుకున్నాడు. "ప్రొబేషన్‌లో ఉండి నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావేంటయ్యా?"

"నిన్ననే తవ్వాను సార్. అందులో ఆవిడ పడబోయారు."

"ఆవిడ పడితే నీకేం?"

మేనేజరు ఇంకో కాగితం తీశాడు.

"విను. పైవాళ్ళు ఒకసారి అనుకున్నది ఉత్తరంతో మారదు. నెలాఖరుకి పదిహేడు రోజులుంది. మూడు ప్లగిన్లూ కొత్త పద్ధతిలో నడవాలి. ఒక్కటి ఆగినా ఆవిడ బదిలీ ఖాయం. నీ సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు."

మర్నాటి నుంచి అతను రోజూ తొమ్మిదింటికి కిందికి దిగాడు. మూడు రోజులు నిలబడే పనిచేశాడు. నాలుగో రోజు వచ్చేసరికి ఫైళ్ళు నేల మీద ఉన్నాయి. కుర్చీ ఖాళీగా ఉంది. అతను కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు.

"యూజర్ గడువు పెంచడం, యూజర్ పాస్‌వర్డ్ మార్చడం, ఖజానా వాడే అసలు ఖాతా పాస్‌వర్డ్ మార్చడం. ఇదివరకు కోడ్‌లో మూడు ఫంక్షన్లు," అన్నాడు ఒకరోజు. "కొత్త దాంట్లో మూడింటికీ ఒక్కటే."

"మూడు పనులూ ఒకడి నెత్తిన వేశారన్నమాట. ఎవరో మన ఆఫీసు చూసి రాసినట్టున్నారు."

"మీకు మూడు డేటాబేసులే కదా."

"నాలుగోది మీరు."

అతను లాప్‌టాప్ వైపు తిరిగాడు. ఆ పూట ఒకే లైను మూడుసార్లు టైపు చేశాడు.

ప్రతి టెస్టులోనూ ఇప్పుడు లాగిన్ ఉంది. ఆమె అక్కడితో ఆగనివ్వలేదు. యూజర్‌ను తీసేశాక మళ్ళీ లాగిన్ చేయమంది. తలుపు తెరుచుకుంటే సరిపోదు, మూసుకోవాలి కూడా అంది. టెస్టులు అరవై ఒకటయ్యాయి. అయినా అతని పేరు నలభై రెండుగానే ఉండిపోయింది.

ఆరో రోజు ల్యాబ్ ప్లగిన్ నడిచింది. పన్నెండో రోజు రక్తనిధిది నడిచింది. పదమూడో రోజు అతను ఇరవై నిమిషాలు ఆలస్యమయ్యాడు. వచ్చేసరికి ల్యాబ్ టెక్నీషియనమ్మ గుమ్మంలో ఎదురైంది.

"ఎక్కడికెళ్ళావు నాయనా? మీ మేడం ఆ తలుపుని ఎన్నిసార్లు చూసిందో లెక్క తప్పింది నాకు."

"అక్కా, సాంపిళ్ళు చూసుకో," అని లోపల్నుంచి వినబడింది.

ఆఖరి రోజు ఉదయం ఎక్స్‌రే ప్లగిన్ పెట్టారు. టెస్టులన్నీ పాసయ్యాయి. ఎక్స్‌రే కంప్యూటరు మాత్రం "యూజర్ లేడు" అంది.

అతని చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "పాస్‌వర్డ్ సరిగ్గానే వెళ్ళింది. మేడం, పాస్‌వర్డ్..."

"పాస్‌వర్డ్ వదిలెయ్యి. పేరు చదువు."

ఆమె నువ్వు అంది. ఇద్దరికీ గమనించే తీరిక లేదు. అతను పేరు చదివాడు. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"ఇరవై మూడు అక్షరాలు. ఈ డేటాబేసుకి పదహారే పడతాయి. మిగతా తోక చెప్పకుండా కోసేస్తుంది. చేరిన కొత్తలో నేనూ ఇక్కడే పడ్డాను."

"టెస్టుల్లో పేర్లు చిన్నవి," అన్నాడు అతను.

పేరు పదహారుకు కుదించాడు. పదకొండున్నరకి ఎక్స్‌రే కంప్యూటరు తెరుచుకుంది. ఆమె యూజర్‌ను తీసేసి మళ్ళీ ప్రయత్నించింది. తెరుచుకోలేదు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలింది.

సాయంత్రం నాలుగింటికి మేనేజరు కిందికి వచ్చి బదిలీ ఆగిందని చెప్పాడు. అతని వైపు తిరిగి, "నీ ఉద్యోగం కూడా ఖాయం చేయమన్నారు. తప్పు ఒప్పుకుంటే ఇలా అవుతుందని ఎవరికీ చెప్పకు, అందరూ మొదలెడతారు," అని వెళ్ళిపోయాడు.

అతను లాప్‌టాప్ మూశాడు. "సోమవారం నుంచి నాకిక్కడ పనిలేదు."

"లేదు."

"అయినా వస్తాను."

"ఏ పని మీద?"

"పని మీద కాదు. మీ కోసం."

ఆమె సొరుగు తెరిచి, ఏమీ తీయకుండా మూసింది. "ఎప్పట్నుంచి?"

"రక్తనిధి ప్లగిన్ అప్పట్నుంచి."

"నాకు దానికంటే ముందే. తప్పు నాది అని లైను నంబరుతో రాశావే, ఆ రోజు నుంచి."

"చెప్పలేదేం?"

"అడక్కుండా నేను ఎవరికీ ఏదీ ఇవ్వను. ఉద్యోగం అలాంటిది."

"అయితే అడుగుతున్నాను. మీ నాన్నగారితో మాట్లాడనా?"

ఆమె తండ్రికి ఆసుపత్రి ఎదురు వీధిలో గడియారాలు బాగుచేసే కొట్టుంది. ఐదున్నరకి ఆమె అక్కడికి వెళ్ళేసరికి ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని ఒక వాచీ వెనక మూత తీస్తున్నాడు.

"బదిలీ ఆగింది నాన్నా."

"మంచిది. ఆ రిపోర్టు రాసిన కుర్రాడేమయ్యాడు?"

"ఆదివారం మనింటికి వస్తానన్నాడు."

"ఎందుకట?"

"మీతో ఏదో మాట్లాడాలట."

ఆయన భూతద్దం తీశాడు. "నాతో సరే. నీతో మాట్లాడాడా?"

"మాట్లాడాడు."

"నువ్వేమన్నావు?"

"ఆదివారం రమ్మన్నాను."

ఆయన వాచీ మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఇంకా నాతో మాట్లాడ్డానికి ఏం మిగిల్చావే?" అని భూతద్దం పెట్టుకుని ఇంకో వాచీ అందుకున్నాడు.